పొట్టులో సుకన్య

జోగినాథ్ చెవులు కడుక్కుని, తుడుచుకుని, దొప్పలు తగిలించుకునేసరికి శబ్దాలు జల్లించే జల్లెడ యంత్రం ఆ రోజు మొదటి కచేరీని రెండుగా విడదీసి పెట్టింది. కుడి దొప్పలో గింజ: వయొలిన్, మృదంగం, గాయకుడు. ఎడమ దొప్పలో పొట్టు: దగ్గు, కుర్చీ కిర్రు, "కాస్త తల పక్కకి పెట్టండి బాబూ" అని ఎవరిదో వేడికోలు. అతను కుడి మీట నొక్కాడు. పొట్టు ఎగిరిపోయింది. ఆ తల పక్కకి జరిగిందో లేదో ఇక లోకానికి తెలిసే దారి లేదు.

సముద్రం వేడెక్కాక చల్లదనం కూడా రేషన్ సరుకైపోయింది. పాత వీడియోలు దాచే యంత్రాల కోసం భీమిలి దగ్గర నీళ్ల కింద కట్టిన ఈ శీతలశాలలో అందుకే ఒక్కో దృశ్యానికి ఒకే శబ్దపు పొర. ఒకప్పుడు జనం ఊరికే పంచుకున్న వీడియోలు, ఊరికే చోటిచ్చిన కంపెనీలు చేతులెత్తేశాక, చచ్చినవి చావగా మిగిలినవి ఇక్కడ తేలాయి. రెండో పొరకు చోటు లేదు. బయటికి పట్టుకుపోవడానికి అనుమతీ లేదు. చెవుల్లో పట్టినంతే.

జోగినాథ్‌ది గురుచెవి ఉద్యోగం. యంత్రాలకు సంగీతం వచ్చు. ఏది సంగీతమో మాత్రం మనిషే చెప్పాలి. రోజూ వినేవాటిలో ఒక్క దృశ్యం మీద అతను ఇచ్చే తీర్పు ఒరవడి అవుతుంది. పలక మీద పంతులు రాసిన అక్షరాన్ని పిల్లలు దిద్దినట్టు, దేశంలో ఉన్న జల్లెడలన్నీ ఆ తీర్పునే దిద్దుతాయి.

ఇవాళ్టి ఒరవడి ఏదో నిన్నటి నుంచీ అతనికి తెలుసు. దాని పేరు తెర మీద వెలుగుతోంది: "తుప్పు లైవ్ వైజాగ్ సూపర్ చూడండి ప్లీజ్". ఆ ప్లీజ్ సుకన్యది. వీడియో కూడా సుకన్యదే. సుకన్య అతని భార్య. పోయి మూడు వర్షాకాలాలైంది.

వాద్యగాళ్లలో బతికున్నవాళ్లు ఉంటే సాక్షిగా వచ్చి మీట మీద వేలు కలపాలి. తుప్పు బ్యాండులో ఒక్కడే మిగిలాడు. గిటారు బెనర్జీ లోపలికొచ్చాడు. ఒంటి మీద అప్పటి తోలు జాకెట్టే. తోలు మీద తోలు, రెంటికీ ముడతలే.

"ఏట్రా జోగీ, నువ్వేనా చెవులాయన? అప్పట్లో స్పీకర్‌కి చెవి ఆనించి తిరిగీవోడివి. ఇంకా వినిపిస్తందేటి?"

"నీ వాయింపు తప్ప అన్నీ వినిపిస్తన్నాయన్నా."

ఇద్దరూ నవ్వారు. నవ్వు అయిపోయాక మధ్యలో సుకన్య నిలబడింది. ఆమె సంతాపసభకు బెనర్జీ రాలేదు. ఆ కోపం ఆమె చావు కంటే పాతది.

ఆ రోజుల్లో వీడియోలు ఊరికే పెట్టుకునే చోటు ఒకటి కొత్తగా వచ్చింది. బీచ్ రోడ్డు మీద తుప్పు వాయిస్తుంటే సుకన్య ఫోన్ ఎత్తి పట్టుకుని తీసి, తెల్లారేసరికి అందులో ఎక్కించేసింది. బెనర్జీ మండిపడ్డాడు. "ఊరికే ఇచ్చీసేది రేపు ఊరికే పోతాది. స్టూడియోలో చేద్దారి, అప్పుడు వింటారు జనం" అన్నాడు. స్టూడియో రాలేదు. పాడే శేఖర్ ముందు ఊరు దాటాడు, తర్వాత లోకమే దాటాడు. సుకన్య మాత్రం తన పెళ్లి వీడియో కూడా అక్కడే పెట్టి, ఫోన్‌లో చోటు కోసం అసలుది చెరిపేసింది. "అక్కడుంది కదండీ, ఎక్కడికి పోద్ది?" అనేది. ఉచితమని నమ్మింది, ఎంత అనుచితమో చూడకుండానే వెళ్లిపోయింది. పెళ్లి పోయింది, ఆమె తీసినవన్నీ పోయాయి. ఇదొక్కటే మిగిలింది.

"ముందు పాట ఇను," అని జోగినాథ్ కుడి దొప్ప అందించాడు.

బెనర్జీ కళ్లు మూసుకున్నాడు. బురద కడిగిన రాయిలా గిటారు తేటగా మోగింది. శేఖర్ "ఉప్పుగాలీ ఉండిపో" అని ఎత్తుకున్నాడు. కాసేపటికి ముసలాయన ముఖం చిన్నబోయింది.

"బాగులేదా అన్నా?"

"బాగుంది. బాగుండడమే బాగులేదురా. ఎవులకి వాయిస్తన్నాం? గోడకా?" దొప్ప తీసి చూశాడు, లోపల ఎవరైనా దాక్కున్నారేమోనన్నట్టు. "రెండో చరణం కాడ శేఖర్ ఆగిపోనాడు. ఇందులో ఆగనే లేదే?"

"ఆ ఖాళీ జల్లెడ అతికీసింది."

"మరి ఆడికి లైను ఎవులో అందించారురా. ముందు వరసలోంచి. నాకు బాగా గుర్తు."

జోగినాథ్ ఎడమ దొప్ప అతని చెవికి పెట్టాడు. తానొక అంచుకు చెవి ఆనించాడు. అలలు. ఈలలు. "ఒరే, నా చెప్పు తొక్కకురా!" పల్లీలవాడి కేక. వీటన్నిటికీ ముందు, ఫోన్‌కి ఆనుకుని, శ్రుతిలో కాళ్లు పెట్టని ఒక గొంతు పాడుతూనే ఉంది. ఉన్నట్టుండి చుట్టూ సద్దుమణిగింది. ఆ గొంతు ఒక్కటే భయం లేకుండా అరిచింది: "తీరం నాది కాదు, తిరిగి రావడం నాది!" జనం హోరెత్తారు. తర్వాత నవ్వు. దగ్గరగా, ఊపిరితో సహా.

బెనర్జీ దొప్పని చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. "ఆ పిల్లేనేట్రా?"

"ఆవిడేనన్నా."

"పాట దొంగన్నానురా దాన్ని. నలుగురిలో అన్నాను."

"తెలుసు. ఇంటికొచ్చి ఏడిచింది. మళ్లీ నీ పాటే పెట్టుకుని ఏడిచింది."

తెర అడిగింది: ఒరవడి సిద్ధమా? గింజ ఏది?

జోగినాథ్ చెయ్యి కుడి మీట మీదికి వెళ్లింది. నీతి అటే ఉంది. ఈ పాట లోకంలో ఇంకెక్కడా లేదు. శేఖర్ గొంతు ఉన్నదీ, బెనర్జీ వేళ్లు వణక్కుండా ఉన్నదీ ఇందులోనే. తన ఇంటి ఏడుపు కోసం వాళ్ల బతుకు చెరిపే హక్కు అతనికి లేదు. కుడి మీట మీద వేలు అలాగే ఉండిపోయింది, బరువెత్తలేని వాడిలా.

బెనర్జీ తన వేలు తెచ్చి అతని వేలి మీద పెట్టాడు.

"నా ఏలు ఉంటాది. ఎటు నొక్కుతావో నాను సూడను," అని ముఖం అటు తిప్పుకున్నాడు. "ఒకటి మాత్రం ఇనుకో. ఆ రోజు మేం మర్సిపోతే పాట ఆగలేదురా."

రెండు వేళ్లూ కలిసి ఎడమకి జరిగాయి. నొక్కాయి.

కుడి దొప్ప మూగబోయింది. శేఖర్ పోయాడు, ఈసారి పూర్తిగా. పొట్టు గింజ అని ఒరవడిలో పడింది. తెర ఒక్కసారి తడబడి, గురుచెవి మాట కాబట్టి, "స్వీకరించాం" అంది.

పక్క శాలలో ఎవరో "అయ్యయ్యో, కచేరీ ఏదీ?" అని కేక వేశారు. అక్కడ జల్లెడ మహావిద్వాంసుడిని ఊదేసి, పైటకొంగులో ఏడుస్తున్న ఒక తల్లినీ, నిద్రలేచిన బిడ్డనూ జాగ్రత్తగా దాచిపెడుతోంది. ఆ పై శాలలో పాట పోయి చప్పట్లే మిగిలాయి. దేశమంతటా వేదికలు ఖాళీ అయిపోతూ, నేల మీద కూర్చున్నవాళ్లు ఒక్కరొక్కరే పలకడం మొదలుపెట్టారు. తలుపు దగ్గర గంటలు మోగుతున్నాయి. పరుగెత్తుకొస్తున్న అడుగులు.

జోగినాథ్ తలుపు తీయలేదు. దొప్పలో సుకన్య శ్రుతి తప్పి పాడుతోంది. పక్కన బెనర్జీ ఏడుస్తూ, వణికే వేళ్లతో తోలు జాకెట్టు మీద, ఎవరికీ వినిపించని తీగలు ఒక్కొక్కటే నొక్కుతూ, ఆమె వెనకే నడుస్తున్నాడు.