ఆకుపచ్చ ఊపిరి

“ఇంకొంచెం ఊదండి. ఆపకండి, ఇంకొంచెం,” అంటోంది డాక్టర్ నీరద, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా.

గొట్టం నోట్లో పెట్టుకుని ఊదుతున్న మస్తాన్‌కి మధ్యలోనే దగ్గు తెర ముంచుకొచ్చింది. బల్ల అంచు పట్టుకుని కళ్లనీళ్లు తిరిగేదాకా దగ్గాడు. వెంట వచ్చిన భార్య కాశింబీ అలవాటుగా అతని వీపు రాసింది.

ఆ దగ్గు అతని బతుకుతెరువును మింగేసింది. ఊపిరి జబ్బులు ఊళ్లను ఊపేసి వెళ్లాక జనానికి దగ్గంటేనే హడలు. ఆటో డ్రైవర్ దగ్గితే ఎక్కినవాళ్లు దారిలోనే దిగిపోయేవాళ్లు. ఆ తర్వాత డ్రైవర్ అక్కర్లేని ఆటోలే వచ్చేశాయి. ఊరి బయట పలుగురాయిని పిండి చేసే మిల్లు తప్ప చుట్టుపక్కల వేరే పని లేదు. దగ్గేవాణ్ణి వాళ్లూ గేటు దాటనివ్వలేదు. అందుకని కాశింబీ వెళ్లింది. సోలార్ పలకల గాజుకోసం ఆడించే ఆ తెల్లటి పొడిని బస్తాలకెత్తడం ఆమె పని. ఇంటికొచ్చేసరికి కనురెప్పలు కూడా తెల్లబడి ఉండేవి.

ఈలోగా మస్తాన్ టీబీ మందులు మింగాడు, ఆస్తమా మందు పీల్చాడు, పసరు తాగాడు. దేనికీ లొంగలేదు.

నీరద కనిపెట్టిన యంత్రం పేరు శ్వాసదర్శిని. మనం వదిలే గాలిలో వందల రకాల రసాయనాలు ఉన్నాయా లేవా అన్నంత కొద్దిగా ఉంటాయి. జబ్బును బట్టి వాటి పాళ్లు మారతాయి. ఊపిరి గొట్టాలు వాస్తే ఒకటి పెరుగుతుంది, కడుపులోని యాసిడ్ గొంతులోకి ఎగదన్నితే మరొకటి. రాతిపొడి ఊపిరితిత్తుల్లో దిగి మచ్చ కడుతున్నప్పుడు వెలువడేవి వేరు. పోలీసు కుక్క వాసన పట్టినట్టు యంత్రంలోని సెన్సార్లు ఆ తేడాను పసిగడతాయి. ఎక్స్‌రేలో మచ్చ కనబడడానికి ఏళ్ల ముందే రాతిపొడి జబ్బును చెప్పేస్తాయి. ఆ జబ్బు లేకపోతే ఆకుపచ్చ దీపం, మొదలవుతుంటే పసుపు, ముదిరితే ఎరుపు.

మస్తాన్‌కి ఆకుపచ్చ వెలిగింది.

“మీ ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి,” అంది నీరద. “కడుపులో యాసిడ్ పైకొచ్చి గొంతును రేపుతోంది. రోజూ పరగడుపున ఒక మాత్ర వేసుకుంటే చాలు.”

“ఒక మాత్రేనా మేడమ్?” అన్నాడు మస్తాన్. ఇన్నేళ్ల యాతన అంత చిన్నదంటే అతనికి నమ్మబుద్ధి కాలేదు. కాశింబీ కొంగుతో మొహం తుడుచుకుంది.

“మీరూ ఒకసారి ఊదండమ్మా. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ఊపిరి కూడా మాకు పోల్చుకోవడానికి కావాలి.”

కాశింబీ నవ్వుతూనే ఊదింది. ఎరుపు వెలిగింది. నీరద గొట్టం మార్చి మళ్లీ ఊదించింది. మళ్లీ ఎరుపే.

“నాకు దగ్గే లేదు కదా మేడమ్.”

“ఇంకా మొదలవలేదమ్మా. పొడి లోపల మచ్చ కట్టేసింది.”

“మాత్ర?”

నీరద తల అడ్డంగా ఊపింది.

కాశింబీలాంటి వాళ్ల ఊపిరులు పోగుచేసి నీరద ప్రభుత్వానికి నివేదిక పంపింది. పొడి మిల్లులన్నింటి గేటు దగ్గరా శ్వాసదర్శిని పెట్టాలనీ, ఎరుపు వచ్చినవాళ్లను లోపలికి పంపరాదనీ ఉత్తర్వు వచ్చింది. కూలీల ప్రాణాలు నిలబడతాయని ఆమె మనసారా నమ్మింది. మిల్లు యజమాని మారుమాట్లాడకుండా యంత్రం పెట్టించాడు. మొదటి రోజే కాశింబీతో పాటు పాతవాళ్లంతా గేటు బయట మిగిలారు. వాళ్ల స్థానంలోకి ఆకుపచ్చ ఊపిరి ఉన్నవాళ్లు కావాలని ఊళ్లలో దండోరా వేయించారు.

మాత్రతో మస్తాన్ దగ్గు మంత్రం వేసినట్టు పోయింది. ఒళ్లు కుదుటపడింది. ఇద్దరిలో ఒకరైనా పనికి పోకపోతే పొయ్యి వెలగదు. అతను మిల్లుకు వెళ్లి ఊదాడు. ఆ రోజే చేరమన్నారు.

కాశింబీ నీరదను వెతుక్కుంటూ వెళ్లింది. “ఆయనకి ఎరుపు వచ్చేటట్టు చెయ్యండి మేడమ్.”

“అట్లా చెయ్యకూడదమ్మా. మిషన్ ఒక్కసారి అబద్ధం చెబితే ఇంకెవరూ దాన్ని నమ్మరు. మాస్కు పెట్టుకోమనండి. పసుపు రాగానే మానిపించండి.”

“అప్పుడు మానిస్తే మచ్చ పోతుందా?”

“పోదు,” అంది నీరద.

ఇంటికొచ్చి కాశింబీ మాత్రల డబ్బా బియ్యం కుండలో దాచేసింది.

“అయిపోయినాయి. ఇంక అక్కర్లేదంట, డాక్టరమ్మ చెప్పింది,” అని మొగుడితో అబద్ధమాడింది. అతను నమ్మాడు.

కొన్నాళ్లకు దగ్గు తిరిగొచ్చింది, మునుపటికంటే గట్టిగా. అది వింటుంటే ఆమెకు దుఃఖమూ వచ్చింది, ప్రాణమూ లేచొచ్చింది. ఆ పొద్దున అతని వెంటే మిల్లుకు నడిచింది. వెనక్కి పంపేస్తే తీసుకొచ్చేద్దామని ఆమె ఆశ.

గేటు దగ్గర మస్తాన్ ఒంగిపోయి దగ్గాడు. సూపర్‌వైజర్ ఓబులేసు అతనివైపు తీరిగ్గా చూసి, గొట్టం అందించాడు. ఆకుపచ్చ వెలిగింది.

“యాసిడ్ దగ్గులే. పొడి పనికి అడ్డం లేదు. పద లోపలికి.”

కాశింబీ ముందుకొచ్చింది. “దగ్గేవాణ్ణి రానివ్వరు గదన్నా మీరు.”

“అది మిషన్ రాకముందు మాట అక్కా. ఏ దగ్గు దేనికో అప్పుడు మాకేం తెలుసు?”

మస్తాన్ భార్య మొహంలోకి చూశాడు. అతనికి అర్థమైంది.

“మాత్రలు అయిపోలేదు కదూ,” అన్నాడు మెల్లగా.

ఆమె తల వంచుకుంది.

“సాయంత్రానికి తీసిపెట్టు. దగ్గుతా బస్తాలు ఎత్తాలంటే కష్టం.”

తువ్వాలు ముక్కుకు చుట్టుకుని, తెల్లటి దుమ్ములోకి నడిచాడు. మనిషి కనబడకుండా పోయాక కూడా కాసేపు దగ్గు వినబడింది. మరలు తిరగడం మొదలయ్యాక అదీ వినబడలేదు.