ఎక్కిన పిల్లి దిగలేదు

ఇటు జరుగు బిడ్డా, ఇంకా దగ్గరికి రా. మీ తాత పక్క గదిలోనే ఉన్నాడు. వింటే మధ్యలో దూరి కథంతా తనవైపు తిప్పుకుంటాడు.

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. నల్లగొండలో మా బాపు ధర్మయ్య మగ్గం నేసేవాడు. పడుగు నూలుకు గంజి పెడితే ఆ వాసనకు ఎలుకలు వచ్చి నూలు కొరికేవి. అందుకే నాలుగు వీధి పిల్లులకు రోజూ ఇంత మజ్జిగన్నం పెట్టేదాన్ని. అవి ఉన్నాయంటే ఒక్క ఎలుకా మా దిక్కు చూసేది కాదు.

మా ఇంటి పక్క కొట్టాన్ని ఒక వకీలు సాబు కిరాయికి తీసుకుని, తన కొత్త నల్లకారు అందులో పెట్టించాడు. ముసురు పట్టిన రోజులు. సాయంత్రం కచేరీ నుంచి వచ్చిన కారు బానెట్ వెచ్చగా ఉండేది. మా పిల్లులకు ఇంకేం కావాలి? బురదకాళ్లతో ఎక్కి పడుకునేవి. జారితే గోళ్లతో పట్టుకునేవి.

ఒకరోజు ఆ కారు డ్రైవరు గోనెసంచి పట్టుకుని పిల్లి వెంట పడి మా వాకిట్లోకే వచ్చేశాడు. నేను చీపురు ఎత్తాను.

"ఏందయ్యో, మందింట్ల చొరబడుతున్నవ్?"

"నీ పిల్లే నా కారు మీద చొరబడ్డది. నాలుగింటినీ పట్టి నకిరేకల్ల ఇడిసొస్త."

"సంచి మూతి ఇప్పి సూడు, ముందుగాల నిన్నే అండ్ల ఏస్త!"

"నేను పడ్తనా అండ్ల?" అని సంచిని భుజం దగ్గర పెట్టుకుని కొలుచుకున్నాడు.

నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాను. ఆయన మాత్రం నవ్వలేదు.

"ఇంకొక్క గీత పడ్డా, ఒక్క అడుగు కనబడ్డా నా నౌకరి పోతది పిల్లా. సాబు ఖరాకండిగ చెప్పిండు."

అది విన్నాక నా చీపురు దానంతటదే కిందికి దిగింది.

"గవి కారు కోసం వస్తలేవు, వెచ్చదనం కోసం వస్తున్నయ్. రాంగనే బానెట్ మీద తడి గోనె కప్పు. కారు సల్లబడ్తది. తడి మీద పిల్లి కాలు పెట్టదు. ఇగ వాటికి వెచ్చటి జాగా నేను సూస్త."

గంజి కాచే పొయ్యి పక్కన ఒక పాత గంప పెట్టి, అందులో నూలు పీచు పరిచాను. ఆయన గోనె తడపడానికి రోజూ మా బావి దగ్గరికి వచ్చేవాడు. పేరు వెంకటనర్సు అని అప్పుడే తెలిసింది.

"ఒక్క బకెట్ నీళ్లకు గింత సేపా?"

"మీ బాయి లోతు ఎక్కువ."

"చేద నీ చేతిలనే ఉంది. ఇంకా బాయిల ఎయ్యనే ఎయ్యలే!"

పది రోజుల్లో పిల్లులు గంప మరిగాయి. కారు అద్దంలా మెరిసింది. గోనెతో పని లేదు, నీళ్లతో పని లేదు. ఆయన రావడం మానేశాడు. మూడు రోజులు నాకు నూలు కండెలు చుట్టబుద్ధి కాలేదు బిడ్డా! నా పిల్లుల మీద నాకే కోపం వచ్చింది.

నాలుగో రోజు పొద్దున్నే వకీలు సాబు కేక.

"ధర్మయ్యా! సూడు నీ పిల్లుల పని. ఏయ్ వెంకటనర్సూ, పిల్లులు పోతయా, నువ్వు పోతవా?"

పరుగెత్తి వెళ్లి చూశాను. బానెట్ మీద ఎర్రమట్టి అడుగులు, ఒకే వరుసగా పైకి. ఒక్కో అడుగుకు బొటనవేలితో సహా ఐదు వేళ్లు. పిల్లి అడుగులో కనబడేవి నాలుగే.

"ఎక్కిన పిల్లి దిగలేదేంది?" అనేశాను.

అన్నాక చూస్తే, వెంకటనర్సు చేతులు రెండూ వీపు వెనక ఉన్నాయి. ఇంకొక్క మాటంటే ఆయన నౌకరి పోతుంది. అనకపోతే నా పిల్లులు పోతాయి.

నేను అనలేదు. ఆయనే చేతులు ముందుకు చాపాడు. గోళ్ల నిండా ఎర్రమట్టి.

"పిల్లులను ఏమనకుండ్రి సాబ్. గవి నా వేళ్లు."

"కారు కడిగేటోనివి నువ్వే. నువ్వే ఎందుకు ఏసినవ్ రా?"

"పిల్లులు రాకుంటే గోనె తడుపుడు లేదు. గోనె తడపకుంటే నీళ్లకు పోవుడు లేదు. నీళ్లకు పోకుంటే..." అని నా దిక్కు చూశాడు.

నేను చేతిలో ఉన్న చిలపను, ఆ నూలుపోగుల చుట్టను, మొహానికి అడ్డం పెట్టుకున్నాను. దాని సందుల్లోంచి అన్నీ కనబడుతున్నాయిలే!

వకీలు సాబు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇరవై ఏండ్ల వకాలతుల, అడగంగనే నేరం ఒప్పుకున్నోడు వీడొక్కడే! వీన్ని పోగొట్టుకుంటే నాకు గిసొంటోడు దొరుకుతడా?"

మా బాపు నవ్వలేదు. "ఏ ఊరు మీది?"

"కొల్లాపూర్. మా నాయిన గుర్వయ్య గూడ మగ్గమే నేస్తడు."

"మనోళ్లేనన్నట్టు." బాపు నా వైపు తిరిగాడు. "యాదమ్మా, నువ్వేమంటవు?"

"కారు మీద మట్టి పుయ్యొద్దని చెప్పు బాపూ."

"నేనడిగింది గది కాదు బిడ్డా."

"గదే... నువ్వడిగిన దానికి సరే."

అప్పుడు నవ్వాడు మా బాపు. "ఇను పిలగా, పిల్లనడుగనీకి పిల్లులను పంపొద్దు. పోయి మీ నాయినను తోల్కరా."

వకీలు సాబు కారు తాళంచెవి వెంకటనర్సు చేతిలో పెట్టాడు. ఆ కారు మా సందులోంచి హారన్ కొట్టుకుంటూ ఎట్లా పోయిందో! నేను వాకిట్లో నిలబడి, చిలపను చిక్కు చిక్కు చేసి పెట్టాను.

గుర్తుపెట్టుకో బిడ్డా, నీ పిల్లలకు ఇట్లాగే చెప్పు. మీ తాతనడిగితే తానేమీ ఒప్పుకోలేదని, నేనే వెంటపడ్డానని అంటాడు. నువ్వు మాత్రం నేను చెప్పినట్టే చెప్పాలి.