అందిందని చెప్పని ఫైలు

“ప్రతిదానికీ అడిగి అడిగి మనిషి ప్రాణం తీయకూడదండీ. అదీ నా సిద్ధాంతం,” అన్నాడు అతను.

“అసలు అడక్కుండానే అన్నీ చేసేయొచ్చా? అదీ నా ప్రశ్న,” అంది ఆమె.

మొదటి రోజు, మొదటి మీటింగు, మొదటి అయిదు నిమిషాలు. బల్ల చుట్టూ కూర్చున్న ఏడుగురూ టీ కప్పులు చేత్తో పట్టుకుని, తాగడం మర్చిపోయి, తలలు అటూ ఇటూ తిప్పుతున్నారు.

వాళ్ళు తయారుచేస్తున్నది ఒక బ్రౌజరు. అందులో డౌన్‌లోడ్ల భాగం అతనిది. ఎవరైనా ఒక ఫైలు నొక్కితే అది ఎక్కడికి వెళ్ళాలి, వెంటనే తెరుచుకోవాలా, ఊరికే దాచిపెట్టాలా, ముందు ఒక మాట అడగాలా, ఇవన్నీ తేల్చేది అతనే. అతను రాసింది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసి తప్పులు పట్టే ఉద్యోగం ఆమెది. చేరి గంట కాలేదు, అప్పుడే పదకొండు పట్టింది.

“నేను నొక్కాను. ఏమీ జరగలేదు.”

“జరిగింది. ఫైలు వెళ్ళి డౌన్‌లోడ్ల ఫోల్డర్లో కూర్చుంది.”

“ఆ సంగతి నాకెవరు చెప్పారు?”

“పైన మూలకి చిన్న బాణం గుర్తు ఊగుతుంది కదండీ.”

“అది చీమ తలకాయంత ఉంది.”

ఎవరో కిసుక్కున నవ్వారు. అతను కుర్చీలో సర్దుకున్నాడు. “పోనీ, ఫైలైతే అందిందా లేదా?”

“అందడం వేరు, చదవడం వేరండీ. కంప్యూటరుకి అందితే మనిషికి అందినట్టేనా?”

అతను చల్లారిన టీ గటగటా తాగేశాడు. ఆ సాయంత్రానికల్లా ఆఫీసులో ఇద్దరికీ పేర్లు పడిపోయాయి. అతను మౌనస్వామి, ఆమె ప్రశ్నలమ్మ. అసలు పేర్లు జీతాల కాగితాల మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

మరి ఇంత దెబ్బలాడుకున్న మనుషులు పక్కపక్క కుర్చీల్లోకి ఎలా వచ్చారంటే, దెబ్బలాటకి దగ్గరగా ఉంటే వీలుగా ఉంటుందని టీమ్ లీడరే కూర్చోబెట్టాడు. నాలుగింటికి కిటికీ దగ్గర టీ. టీ చల్లారేదాకా వాదన. ఒక ఫైలుని మొదటిసారి ఎలా తెరిచారో చూసి, ఇక ఎప్పుడూ అలాగే తెరవొచ్చా? “ఇక మీదట అడగొద్దు” అని ఒకసారి టిక్కు పెట్టిన మనిషి, ఆర్నెల్ల తర్వాత మనసు మార్చుకుంటే ఎక్కడికి వెళ్ళి మొర పెట్టుకోవాలి? ప్రేమికులు మాట్లాడుకునే మాటలు కావివి. అయినా నాలుగు కావడానికి పది నిమిషాల ముందు నుంచే ఆమె గడియారం చూసుకోవడం మొదలుపెట్టింది.

అతనిలో ఒక గుణం ఉంది. అడగడు, చేసేస్తాడు. వాన జల్లు ఆమె కీబోర్డు మీద పడుతుంటే మాట్లాడకుండా లేచి కిటికీ మూసేవాడు. ఆమె తడి గొడుగు మూలన ముడుచుకుని ఉంటే విప్పి ఆరబెట్టేవాడు. ఆమె టీలో పంచదార వేసుకోదని ఎవరూ చెప్పకుండానే తెలుసుకున్నాడు. అతని సాఫ్ట్‌వేర్లో ఏ గుణాన్ని ఆమె తప్పు అని రాసిందో, సరిగ్గా ఆ గుణమే మనిషిలో కనిపించేసరికి మనసు పారేసుకుంది.

“ఎన్నాళ్ళు ఇలా నాకు చెప్పి ఏడుస్తావు? వెళ్ళి అతనికే చెప్పు,” అంది అక్క. ఆమె ఉండేది అక్కావాళ్ళింట్లోనే.

“నోరు రావట్లేదే అక్కా.”

“ఊళ్ళో వాళ్ళందర్నీ ప్రశ్నలతో వేయించుకు తింటావు, నీకు నోరు రాకపోవడమేమిటే!”

నోరు రాని ప్రశ్నలమ్మ ఉత్తరం రాసింది. అది పంపడంలోనే అతితెలివికి పోయింది. ఆమె రోజూ నలభై పరీక్ష ఫైళ్ళు తయారుచేసి సర్వర్లో పెట్టేది. అతను ఒక్క బటన్ నొక్కి అన్నీ దింపుకునేవాడు. ఆ రోజు నలభైతో పాటు నలభై ఒకటోది కూడా పెట్టింది. దాని పేరు “చదివాక చెప్పండి”. నాలుగు పన్నెండుకి అతను దాన్ని దింపుకున్నట్టు సర్వర్ రికార్డులో పడింది. ఆ వరసని ఆమె ఎన్నిసార్లు చూసుకుందో చెప్తే నవ్వుతారు.

మర్నాడు నాలుగింటికి అతను కిటికీ దగ్గరికి రాలేదు.

ఆ మర్నాడూ రాలేదు. వారం పాటు రాలేదు. తన సీట్లోనే తల వంచుకుని, మాటా పలుకూ లేకుండా పని చేసుకున్నాడు. ఆమెకి అర్థమైపోయింది. అర్థమైపోయిందనే అనుకుంది. రెండో వారంలో అతను వచ్చి “టీకి రారా?” అంటే, జాలిపడుతున్నాడనుకుని, “పనుందండీ,” అంది. ఆ తర్వాత అతనూ పిలవలేదు.

నాలుగు నెలలు గడిచాయి. నాలుగు కాగానే ఆమె చెవులు అతని కుర్చీ చప్పుడుకి రిక్కించుకునేవి. వాన పడితే ఇప్పటికీ అతనే లేచి కిటికీ మూసేవాడు, ఆమె వైపు చూడకుండా. పక్క కుర్చీలో మనిషి ఉండగా ఆ మనిషి కోసమే బెంగ పెట్టుకోవడం ఎంత కష్టమో అక్కకి కూడా చెప్పుకోలేకపోయింది. ఆఖరికి వేరే ఊళ్ళో ఉన్న శాఖకి మార్చమని అర్జీ పెట్టుకుంది. ఒప్పుకున్నారు. సోమవారం అక్కడ చేరాలి.

ఇవాళ శుక్రవారం. ఆఖరి పరీక్ష.

బయటి మనిషిని ఒకరిని పిలిచి, బ్రౌజరు చేతికిచ్చి, ఎలా వాడుతున్నారో పక్కన కూర్చుని చూడాలి. రావలసినాయన వాన వంక పెట్టి రానన్నాడు. మౌనస్వామి తన ఇంటికి ఫోన్ చేశాడు. అరగంటలో వాళ్ళ అమ్మమ్మ దిగింది. నలభై ఏళ్ళు బట్టలు కుట్టిన చేతులు, సూదిలాంటి చూపు.

చిన్న గది, గోడకి పెద్ద తెర, మూడు కుర్చీలు. ప్రశ్నలమ్మ నోట్‌బుక్ తెరిచింది.

“అమ్మమ్మగారూ, బస్సు వేళల పట్టిక ఒకటి ఉంది. దాన్ని దింపుకోవాలి. మేము సాయం చెయ్యకూడదు.”

“చెయ్యద్దులేమ్మా.” అమ్మమ్మ నొక్కింది. చూసింది. మళ్ళీ నొక్కింది. ఏడుసార్లు నొక్కింది. “చచ్చిందిరా నీ యంత్రం.”

“చావలేదు అమ్మమ్మా. ఏడు పట్టికలు వచ్చాయి.”

“ఏవీ?”

“లోపల దాచింది.”

“నాతో ఒక్క మాట చెప్పకుండా దాచిందా?” అమ్మమ్మ కళ్ళజోడు పైకి తోసింది. “నేను జాకెట్టు కుట్టి ఏనాడైనా గుమ్మంలో పడేసి వచ్చానురా? చేతిలో పెట్టి, వేసుకుని చూడమ్మా అనేదాన్ని. ఇచ్చినవాళ్ళకి అందిందో లేదో తెలియకపోతే వాళ్ళ ప్రాణం ఎలా ఉంటుందో నీకేం తెలుసు?”

ఆమె చేతిలో కలం ఆగిపోయింది. నోట్‌బుక్ మీదికి తల వంచుకుంది.

“ఇంతకీ ఎక్కడ దాస్తుందో చూపించు.”

“ఈ కంప్యూటరు నీకు ఇప్పుడే ఇచ్చారు కాబట్టి ఇందులో ఏడే ఉంటాయి. నాది చూడు, ఎలా ఉంటుందో.” అతను తన కంప్యూటరుని గోడ తెరకి కలిపి, తన డౌన్‌లోడ్ల ఫోల్డరు తెరిచాడు. తొమ్మిది వేల ఫైళ్ళు. “ఇవన్నీ ప్రశ్నలమ్మ... ఈవిడ పెట్టిన పరీక్ష ఫైళ్ళే. నా ప్రోగ్రామే లెక్క చూసుకుంటుంది. నలభై సరిపోయాయంటే అయిపోయింది. నేను ఇందులోకి రానే రాను.”

తెర మీద వరసలు పైకి జారుతున్నాయి. పరీక్ష ఒకటి, పరీక్ష రెండు, పరీక్ష మూడు.

“ఆగాగు,” అంది అమ్మమ్మ. వరసలో ఒక్క కుట్టు తప్పినా పట్టే కన్ను అది. “అన్నిటికీ అంకె ఉంది, దీనికి లేదేం? ‘చదివాక చెప్పండి’. ఎవరు చెప్పాలిరా? ఏం చెప్పాలి?”

ప్రశ్నలమ్మ తలెత్తి తెర వైపు చూసింది. ఆ పేరు పక్కన గళ్ళలో రెండు వివరాలున్నాయి. వచ్చింది: నాలుగు నెలల కింద, సాయంత్రం నాలుగు పన్నెండుకి. చివరిగా తెరిచింది: ఎప్పుడూ లేదు.

ఎప్పుడూ లేదు. ఆ మాటని రెండుసార్లు చదువుకుంది. ఏడుపూ నవ్వూ ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ గొంతు దాకా వచ్చాయి.

అతని చెయ్యి మౌస్ మీదికి వెళ్ళింది.

“తెరవద్దు!”

అరుపుకి ఆమే ఉలిక్కిపడింది. అమ్మమ్మ ఆమె మొహం చూసింది, మనవడి మొహం చూసింది, లేచింది. “నాకు మంచినీళ్ళు కావాలి. నేనే తెచ్చుకుంటాను. ఎవరూ నా వెనకాల రానక్కర్లేదు.” తలుపు వేసుకుని మరీ వెళ్ళింది.

అతను మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు.

“మీరు పెట్టిందేనా?” అన్నాడతను.

“ఊఁ.”

అతను తేదీ చూశాడు. లోపల ఏదో లెక్క కుదిరినట్టు మొహం మారిపోయింది. “అప్పటి నుంచే కదా మీరు నాతో టీ మానేశారు?”

“నేను మానేశానా? మర్నాడు మీరే రాలేదు. వారం రోజులు రాలేదు!”

“పన్ను పీకించుకున్నానండీ బాబూ! దవడ ఇంత వాచిపోయింది. వేడిది తాగొద్దన్నారు, మాట్లాడొద్దన్నారు. పక్కనే కూర్చుని చూడలేదా మీరు?”

“మీ మొహంలోకి చూసే ధైర్యం నాకెక్కడ ఏడ్చింది?” ఆమె కళ్ళు నిండిపోయాయి. “చదివి ఊరుకున్నారనుకున్నాను. అందిందని రికార్డులో ఉంది మరి.”

“అందడం వేరు, చదవడం వేరు. మొదటి రోజు ఏడుగురి ముందు నన్ను నిలబెట్టి కడిగేసింది ఎవరు?”

తొమ్మిది వేల ఫైళ్ళతో తప్పులు పట్టిన మనిషి తన తప్పొకటి పట్టుకోలేకపోయింది. అది కూడా మొదటి రోజు తాను పట్టిన తప్పే.

అతను మౌస్ ఆ ఫైలు మీదికి తెచ్చి, నొక్కకుండా ఆగాడు. ఆమె వైపు తిరిగాడు. నాలుగు నెలల తర్వాత ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోవడం అదే మొదలు.

“తెరవనా?”

“మీరు అడుగుతున్నారా?”

“అడుగుతున్నాను. వద్దంటే చెరిపేస్తాను. ఆదివారం సామాన్లు కూడా నేనే మోసి బండెక్కిస్తాను. కానీ ఆ తర్వాత వాన పడితే కిటికీ మూయడానికి నాకు చేతులు రావు.”

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “తెరవండి.”

నాలుగే వాక్యాలు. అతను పెదవులు కదుపుతూ చదివాడు. ‘మీరంటే నాకు ఇష్టం. ఎంత అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. మీకూ ఇష్టమైతే రేపు నాలుగింటికి కిటికీ దగ్గరికి రండి. రాకపోతే లేదనే అనుకుంటాను, మళ్ళీ ఎప్పుడూ అడగను.’

చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివి, అప్పుడు కోపంగా తిరిగాడు.

“ఏమీ చెప్పకపోతే ‘లేదు’ అని మీకు మీరే పెట్టేసుకున్నారా? ఇంత పెద్ద విషయానికి డిఫాల్టు అలా పెడతారా ఎవరైనా? ఇంకోసారి అడగొద్దూ?”

“అడిగి అడిగి మనిషి ప్రాణం తీయకూడదని మీరే కదా...”

“నా సిద్ధాంతం తగలెయ్యండి. అడగండి.”

ఆమె తల దించుకుంది. ఎన్నో మీటింగుల్లో ఎంతోమందిని నిలదీసిన గొంతు, ఇప్పుడు వాన చప్పుడులో వినపడీ వినపడనట్టు వచ్చింది. “ఇష్టమేనా?”

“ఇష్టమే. ఆ పదకొండు తప్పులు పట్టిన రోజు నుంచీ.” అతను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. “ఆ అర్జీ వెనక్కి తీసుకుంటావా?”

‘మీరు’ ఎప్పుడు ‘నువ్వు’ అయిందో ఇద్దరూ గమనించలేదు. ఆమె తలూపింది.

తలుపు అవతల గాజుల చప్పుడైంది. మంచినీళ్ళు తాగడానికి ఎవరికీ అంత సేపు పట్టదు.

“ఏరా,” అంది అమ్మమ్మ అక్కణ్ణుంచే, “ఇందాకటి నుంచీ చూస్తున్నాను. ఆ పిల్ల పంపింది అందిందా లేదా?”

అతను ఆమె చెయ్యి పట్టుకుని, గోడ అవతలికి వినపడేలా చెప్పాడు.

“అందింది అమ్మమ్మా. చదివాను కూడా.”