సత్రంలో నిద్ర

ఆటల లోకంలో అతణ్ని అందరూ గొడ్డలి అంటారు. కొత్త వీడియో గేమ్ ఏది వచ్చినా నిలువునా నరికి, ముక్కలు ముక్కలుగా తన ఛానెల్లో పరిచేస్తాడు మరి. ఒక్కదాన్నీ మెచ్చుకున్న పాపాన పోలేదు. ఆ వాన మధ్యాహ్నం గది కర్టెన్లు మూసి కూర్చున్నది కూడా నరకడానికే. చిన్నప్పుడు అరచేతిలో పట్టుకుని తిండి మానేసి ఆడిన పాత ఆటని, కంపెనీవాళ్లు ఇన్నాళ్లకి మళ్లీ కొత్తగా చేసి వదిలారు. ముసలి మొహానికి పౌడరు పూశారని అతని బాధ.

ఎడమ చేతి కింద పాత యంత్రం, ఎదురుగా గోడంత తెరమీద కొత్త ఆట. గొడ్డలికి ఓ పద్ధతుంది. రెండింటినీ ఒకేసారి మొదలుపెట్టాలి. ఇక్కడ ఏ మీట నొక్కితే అక్కడా అదే నొక్కాలి. అప్పుడే తేడా బయటపడుతుంది.

పాత యంత్రం అతనిది కాదు, వదినది. అంటే, పోయిన అన్నయ్యది. అన్నయ్య సగంలో వదిలేసిన ఆట అందులో అలాగే ఉంది. ఓ సత్రం గదిలో, మంచం పక్కన, అన్నయ్య హీరో గోడవైపు తిరిగి నిలబడి ఉంటాడు. ప్రతి ఆదివారం వదిన ఆన్ చేసి, ఓసారి చూసుకుని, ఆపేస్తుంది. అందులో పెట్టే ఆ ఆట క్యాసెట్ ఇంకెక్కడా దొరకలేదు. కాళ్లావేళ్లా పడితే గానీ వదిన ఇవ్వలేదు.

"తీసుకో చిన్నా. కానీ ఆయన్ని చెరపకు. నీకు దండం పెడతాను," అంది చెయ్యి పట్టుకుని.

"అయ్యో వదినా! కంటికి రెప్పలా చూసుకుంటాను."

సాయంత్రానికి వచ్చి తీసుకెళ్తానంది. ఆ క్యాసెట్లో ఒక్క ఆటకే చోటు. కొత్తగా మొదలుపెట్టినా, సేవ్ చేయనంతసేపూ పాతది భద్రంగా ఉంటుంది. సేవ్ చేయకపోతే సరి, ఆమాత్రం తెలీదా అనుకున్నాడు.

"చూడండి జనాలూ," మైకు ముందు నోరు పారేసుకున్నాడు. "పాతదాంట్లో చెరువంటే నాలుగు గీతలు. మిగతాదంతా మనమే ఊహించుకున్నాం. ఇప్పుడు నీళ్లలో మబ్బులు కూడా చూపిస్తున్నారు. మనం ఊహించుకోవడానికి ఏం మిగిల్చారు, బూడిదా?"

రెండు చోట్లా హీరో సత్రం చేరాడు. పడుకుంటావా అని రెండు చోట్లా సత్రంవాడు అడిగాడు. గొడ్డలి ధ్యాసంతా తిట్లమీదే ఉంది. రెండు చేతులూ అవునని నొక్కేశాయి.

కొత్తదాంట్లో నిద్రంటే ఉత్త నిద్రే. ఆట దానంతటదే సేవ్ అవుతూ ఉంటుంది. పాతదాంట్లో సత్రంలో పడుకోవడమంటేనే సేవ్ చేయడం. చిన్నప్పుడు లెక్కలేనన్నిసార్లు పడుకున్నవాడు ఆ సంగతి ఎలా మరిచాడో!

చిన్న తెర నల్లబడింది. కీచుమంటూ జోలపాట ముక్క మోగింది.

"చచ్చాన్రా దేవుడా!"

ఆపి, మళ్లీ ఆన్ చేశాడు. ఇప్పుడే పుట్టిన హీరో మంచం మీద లేచి కూర్చున్నాడు. అన్నయ్య లేడు. వదినకి మిగిలిందే అది. ఆమెకి ఏ మొహం పెట్టుకుని చెప్తాడు?

అప్పుడు పెద్ద తెర చూశాడు.

సత్రం గదిలో, మంచం పక్కన, ఎవరో మనిషి. గోడవైపు తిరిగి ఉన్నాడు.

"కొత్త పాత్రన్నమాట," అలవాటుకొద్దీ గొణిగాడు. ఈ ఆటలో గదిని ఎటు కావాలంటే అటు తిప్పి చూడొచ్చు. తిప్పాడు. వీపు. ఇంకోవైపు తిప్పాడు. వీపే... మంచం తిరుగుతోంది, కిటికీ తిరుగుతోంది, ఆ మనిషి వీపు మాత్రం ఇటే.

తను కూర్చున్న గదిలో ఏదో వాసన. చల్లారిన సిగరెట్, చెమట. గొడ్డలికి సిగరెట్ అలవాటు లేదు.

చేతిలోని మీటల పెట్టెని కింద పెట్టేశాడు. అయినా తెరమీది మనిషి కదిలాడు. వెనక్కి ఒక అడుగు... ఆగాడు. వెనక్కి ఇంకో అడుగు... పాత ఆటలో బొమ్మల్లాగే, గడి తరవాత గడి. వీపు పెద్దదైంది. ఇంకా పెద్దదైంది... తెరంతా చొక్కా నలుపే.

తరవాత సత్రం గది ఖాళీ.

తలుపు తట్టారు. ఎగిరిపడ్డంత పని చేసి వెళ్లి తీశాడు. వదిన. గొడుగు నీళ్లోడుతోంది.

"ఏమైంది చిన్నా? మొహంలో నెత్తురుచుక్క లేదు!"

"తిట్టు వదినా, కొట్టు. పొరపాటైపోయింది. అన్నయ్య ఆట చెరిగిపోయింది."

ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. గొడుగు చేతిలోంచి జారిపోయింది.

"ఎప్పుడు?"

"ఇప్పుడే... అంత ప్రేమగా చూసుకునేదానివి, నేను..."

"ప్రేమా?" గుసగుసగా అంది. "ఇంకా అందులోనే ఉన్నాడో లేడో అని చూసేదాన్ని రా." ఆమె చెయ్యి తెలియకుండానే మెడమీదికి పోయింది. "మీకందరికీ ఆయన వెన్నపూస. తలుపేశాక ఏమిటో నాకే తెలుసు. ఆయన పోయిన మర్నాడు అది ఆన్ చేస్తే, ఆ బొమ్మ తెరలోంచి నన్నే చూస్తోంది. నేనే మీట నొక్కి గోడవైపు తిప్పాను. ఇన్నేళ్లూ అలాగే ఉన్నాడు."

గొడ్డలి వంగి గొడుగు తీసి గోడకి ఆనించాడు.

"మరి ఇప్పుడు... ఎక్కడున్నాడు?" అంది.

అతను పెద్ద తెరవైపు చూడలేదు. "పద వదినా. ముందు ఇక్కణ్నుంచి పోదాం." ఆమె చెయ్యి పట్టుకుని బయటికి లాగాడు. గుమ్మం దాటబోతూ ఆమె ఆగిపోయింది. తల వంగిపోయింది. భుజాలు ముడుచుకుపోయాయి.

"వస్తున్నానండీ," అంది, దీపం లేని వంటగదివైపు చూస్తూ.

చెయ్యి విడిపించుకుని, తడి కాళ్లతో గబగబా అటు నడిచింది.

గొడ్డలికి వాన చప్పుడు తప్ప ఏ పిలుపూ వినపడలేదు.