మూడో ట్యాంకు వాల్వు

సిద్దిపేటలో మాది మోటారు వాల్వుల దుకాణం. స్విచ్ వేస్తే పైపుకు అడ్డంగా ఉండే బాల్ దానంతటదే తిరిగి నీళ్లు వదులుతుంది, ఆపుతుంది. అవి అమ్మడం, బిగించడం, పాడైతే వెళ్లి చూడడం నా పని. హుస్నాబాద్ దగ్గరి ఉప్పుడు బియ్యం మిల్లు నుంచి దాని యజమాని శ్రీవర్ధన్ ఫోన్ చేసినప్పుడు అదీ మామూలు రిపేరే అనుకున్నాను.

"సింధుజ మేడం, మూడో ట్యాంకు వాల్వు ఊకె తెర్సుకుంటుంది. రేపు ఆడోళ్లను లోపలికి దింపి కడిగియ్యాలె. వాళ్లు లోపలున్నప్పుడు నీళ్లు పడితే ఎట్ల?"

వడ్లు వేడినీళ్లలో నానబెట్టే ట్యాంకు అది. వాల్వు నేనే ఎంచి ఇచ్చాను. అంతకుముందున్న మామూలు పీవీసీది వేడికి మెత్తబడి, బాల్ పట్టేసి, మోటారు కాలిపోయింది. అందుకే వేడికి ఆగే సీపీవీసీ వాల్వు, దాని మీద ఇంకాస్త బలమైన మోటారు పెట్టాను.

నేను చేరేసరికి మధ్యాహ్నమే మబ్బు కమ్మి పొద్దుగూకినట్టుంది. సీజన్ కాదు కాబట్టి మిల్లు బంద్. అయినా షెడ్డు నిండా నానిన వడ్ల పులిసిన వాసన. రేకుల మీద సన్నగా వాన. బాయిలర్ మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. వానలు మొదలైనప్పటి నుంచి ముట్టించలేదన్నాడు శ్రీవర్ధన్.

అతను కిందే ఉన్నాడు. మిల్లు మేస్త్రీ పోచయ్య పానాల సంచి పట్టుకుని నా వెనకే ఇనుప మెట్లెక్కాడు. పెద్దాయన.

పైన ట్యాంకు మూత తెరిచే ఉంది. లోపల చీకటి. పక్కనే వాల్వు. మోటారు నెత్తి మీది ముల్లు 'బంద్' వైపు చూపిస్తోంది.

మీటరు పెట్టాను. కరెంటు సరిగానే ఉంది. మోటారు మూత విప్పాను. తడి చేరి వైర్లు కలిస్తే వాల్వు ఇలాగే తెరుచుకుంటుంది. కానీ లోపల పొడిగా ఉంది. మోటారును ఆపే చిన్న స్విచ్‌లో కూడా లోపం లేదు. ఇక కంట్రోల్ నుంచి తప్పుడు సిగ్నల్ వస్తుండాలి.

వైర్లన్నీ పీకేశాను.

ముల్లు కదిలింది.

మెల్లగా... ఎవరో ఆలోచిస్తూ తిప్పినట్టు.

బోల్టులు విప్పి మోటారునే ఎత్తి పక్కన పెట్టాను. ఇప్పుడు వాల్వు మీద బొటనవేలంత ఇరుసు తప్ప ఏమీ లేదు. పానాతో దాన్ని బంద్ వైపు తిప్పి, పానా తీసేశాను.

ఇరుసు వెనక్కి తిరిగింది.

పైపులో గురగుర... ట్యాంకులోకి నీళ్లు పడ్డ చప్పుడు. మొహానికి ఆవిరి కొట్టింది.

వేడి ఆవిరి.

"ఇంకొంచెం..."

ట్యాంకులోంచి మగ గొంతు. వణుకుతోంది. నేను తల వంచి పనిలో ఉండగా పోచయ్య లోపలికి దిగాడేమోననుకుని పిలవబోయాను.

వెనక నుంచి ఒక చెయ్యి నా భుజం పట్టింది. పోచయ్యే.

"పలుకకు బిడ్డా," అన్నాడు గుసగుసగా. "పలికితె ఇంక ఆగడు."

"సలి పెడుతుంది... ఇంకొంచెం వదులు..."

మెట్ల మీద సగం దూరం వచ్చిన శ్రీవర్ధన్ అక్కడే ఆగిపోయాడు. "నాగేశం..." అన్నాడు, ఊపిరితో.

పోచయ్య నా చెవిలో చెప్పాడు. "మోటారు రాకముందు ఈ వాల్వు నాగేశమే చేత్తోని తిప్పేటోడు. రెండేండ్ల కింద చలికాలం, మిల్లు బంద్ పెట్టిన రోజు, ఉత్త ట్యాంకుల పడ్డడు. నడుం ఇరిగింది. ఊరికి పోయిండు కావచ్చనుకొని మిల్లుకు తాళమేసినం. మల్ల తీసేదాక ఎవలం సూడలే."

"దెబ్బకేనా పోయింది కాకా...?"

"దెబ్బకు కాదు. సలికి."

నీళ్ల మోత పెరిగింది. గొంతు దగ్గరైంది. నీళ్లతో పాటు పైకి వస్తోంది.

నేను లోపలికి చూడలేదు. ఇప్పటికీ నాకు అదొక్కటే ధైర్యం. కింద ఉన్న పాత ఇనుప వాల్వు బంద్ చెయ్యమని శ్రీవర్ధన్‌కు సైగ చేశాను. అతను దిగి దాన్ని తిప్పాడు. ధార సన్నబడి ఆగింది. చేతులు కాలుతున్నా పోచయ్యా నేనూ రెండు పక్కలా మరలు విప్పి వాల్వును ఊడదీసి, పైపు మూతికి బిరడా బిగించాం.

ఆఖరి చుట్టు తిప్పుతుంటే, మా కాళ్ల దగ్గరే, ట్యాంకు అంచు కింద...

"మల్ల తాళమేస్తున్నరా?"

తర్వాత ఏ చప్పుడూ లేదు.

మేం ముగ్గురం బయటికి వచ్చి వానలో నిలబడ్డాం. "రేపు ఎవల్నీ దింప మేడం," అన్నాడు శ్రీవర్ధన్. "ట్యాంకే కోయిచ్చేస్త." అన్న మాట ప్రకారం ఆ వారమే కోయించాడు. ఆడవాళ్లలో ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ వాల్వును మిల్లులోనే వదిలేసి వచ్చాను. మళ్లీ అటు పోలేదు.

ట్యాంకు కోసిన మర్నాడు రాయపోల్ నుంచి బాలరాజు అనే రైతు డ్రిప్పు కోసం వాల్వు కొనడానికి దుకాణానికి వచ్చాడు. కంపెనీ నుంచి అప్పుడే దిగిన కొత్త పెట్టె. సీలు అతని ముందే కోశాను. వాల్వు తీసి అతని చేతిలో పెట్టి, డ్రిప్పుకు చల్లటి నీళ్లే కాబట్టి మామూలు పీవీసీ సరిపోతుందని చెబుతున్నాను. అతను వినడం లేదు. దాన్ని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటున్నాడు.

"గిది ఎండల పెట్టిన్రా మేడం?" అన్నాడు. "ఇంత వేడిగున్నది."

వారం నుంచి సిద్దిపేటలో ఎండ లేదు.