నల్లమూస కాగేదాకా

మణిధర రాజ్యంలో ఆ రోజు ఎవరి పొయ్యీ వెలగలేదు. రాకుమారుడు అనంగపాలుడు ధూమాక్షుడనే రాక్షసుణ్ణి వాడి గుహలోనే సంహరించాడు. అయితే రాక్షసుడు ప్రాణం విడుస్తూ శాపం పెట్టాడు. వెంటనే గుహ రాతితలుపు మూసుకుపోయింది. లోపలి గోడలు దగ్గరికి జరగసాగాయి. పొద్దుగుంకేసరికి అవి కలిసిపోతాయి! లోపల రాకుమారుడితో పాటు అతడి అంగరక్షకుడు గవిరయ్య కూడా చిక్కుకున్నాడు.

గవిరయ్య చెల్లెలు పైడి కంచరి ఇంటి పిల్ల. కబురు వినగానే దుకాణంలో చేతికందిన పాత్రలన్నీ గోనెలో వేసుకుని, అడవి దాటి కొండకు చేరింది. తలుపు ముందు ఒక ముని నిలబడి ఉన్నాడు.

“ఈ తాళానికి చెవి లేదు తల్లీ. ఆ అగ్నిగుండంలో మరిగే తెల్లలోహాన్ని తాళం కన్నంలో పోస్తే, అదే గడ్డకట్టి చెవి అవుతుంది. తేబోయిన సైనికుల పాత్రలన్నీ దారిలోనే కరిగిపోయాయి,” అన్నాడాయన.

కన్నంలోంచి గవిరయ్య గొంతు వినిపించింది. “వచ్చీసావేటే పైడీ? బేగి కానీ! రాకుమారుడి మోచెయ్యి నా డొక్కలో దిగిపోతంది.”

పైడి గుండం వైపు పరుగెత్తింది. తళతళలాడే లోహంలోంచి ఒక నిప్పుమొసలి తల ఎత్తింది.

“రా పిల్లా! ఫలహారం తెచ్చావా? ఈ లోహం నా చొంగే. అది తాకిందల్లా నా పొట్టలోకే!”

పైడి ఇనుప గరిటెతో లోహం తోడింది. సగం దారిలో గరిటె అడుగు పలచబడి, లోహమంతా నేల పాలైంది. రాగిచెంబు గుండం గట్టు కూడా దాటలేదు. మట్టిముంత నల్లబడి, పెళ్ళున పగిలింది.

“ఇనుము కరకర, రాగి పులుపు, మట్టి చప్పన. ఉప్పు వెయ్యకూడదూ?” అని మొసలి పెదవులు నాకింది.

పైడికి ఏడుపు ముంచుకొచ్చింది. కళ్ళు తుడుచుకుని, “మొసలి మామా, ఇన్ని తిన్నావు. నీకు కొరుకుడు పడనిదే లేదా?” అంది.

“ఎందుకు లేదూ? ఒకసారి నల్లసీసం అనే జారుడురాయి దొర్లిపడింది. ఎంత నాకినా నాలుక జారడమే తప్ప...” మొసలి టక్కున నోరు మూసుకుంది.

పైడి గోనె బోర్లించింది. అడుగున రెండు చిన్న కొత్త నల్లమూసలు ఉన్నాయి. నల్లసీసం పొడిని బంకమట్టిలో కలిపి కాల్చినవి. ఇలాంటివాటిలోనే తండ్రి కంచు కరిగిస్తాడు. కొత్త పాత్రను పసుపునీళ్ళతో కడగనిదే వాళ్ళింట్లో నిప్పు చూపించరు. పైడి తన సొరకాయ బుర్రలోని నీళ్ళలో కొంగుముడిలోని పసుపు కలిపి రెండింటినీ కడిగింది. దండం పెట్టుకుని, ఒక మూసను పటకారుతో పట్టుకుని లోహంలో ముంచింది.

ఢామ్మని పేలింది! మూస ముక్కలై, లోహం వానలా ఎగిసింది. పైడి కుడిచెయ్యి కాలింది.

మూస పీల్చుకున్న నీరు ఆవిరై పేల్చిందని ఆమెకు అప్పుడు అర్థమైంది. రెండో మూస కూడా తడిగానే ఉంది. ఇక మిగిలింది అదొక్కటే.

పైడి తలుపు పక్కన చితుకులు రాజేసి, దాన్ని సన్నని నిప్పుల మీద పెట్టింది.

“పొద్దు కొండ అంచుకు దిగింది తల్లీ! ముంచెయ్!” అని ముని కేకపెట్టాడు.

“పైడీ!” గవిరయ్య గొంతు పీలగా వచ్చింది. “ఊపిరాడతలేదే. ఏటి చేస్తున్నావు?”

“మూస ఆరబెడతన్నానన్నా.”

“ఇప్పుడా!”

 అయినా పైడి మంట పెంచలేదు. ఒక్కసారిగా వేడెక్కితే మూస బీటవారుతుంది. మొలలోని చల్లని కత్తిని తీసి మూస నోటి మీద పెట్టి చూసింది. కత్తికి చెమ్మ పట్టింది. తుడిచి మళ్ళీ పెట్టింది. ఇంకా చెమ్మే. లోపలినుంచి మాట ఆగిపోయింది. పైడి పళ్ళు బిగించి కత్తిని మరోసారి పెట్టింది. అది పొడిగానే ఉంది!

అప్పుడు నిప్పులు ఎగదోసి, మూసను ఎర్రగా కాల్చి, గుండంలో ముంచింది. మొసలి ఎగబడి నాకింది. నాలుక సర్రున జారింది. పైడి పరుగున వచ్చి లోహాన్ని కన్నంలో పోసింది. పైన పిడికెడు ముద్ద మిగిలేలా చూసింది. గడ్డకడుతూ లోహం వెంట్రుకవాసి ముడుచుకుంది. ఆ మాత్రం సందు చాలు. గుడ్డ చుట్టిన ఎడమచేత్తో ముద్దను పట్టుకుని తిప్పింది.

తలుపు గర్జించి తెరుచుకుంది. ఒకరిమీద ఒకరు పడి ఇద్దరూ బయటికి దొర్లారు. వాళ్ళ వెనక గోడలు ధన్‌మని కలిసిపోయాయి.

గవిరయ్య దగ్గి, దగ్గి, కళ్ళు తెరిచాడు. “ఒలే, నీ వంట తిని బతికినోణ్ణి, గోడకి చస్తానేటే?”

పైడి అన్నను పట్టుకుని భోరున ఏడ్చింది.

రాకుమారుడు ఆమె కాలిన చేతికి తన తలపాగా చించి కట్టాడు. “మా నాన్నగారి సింహాసనం మీద నాకూ నీకూ చోటుంది. నన్ను పెళ్ళాడతావా?”

“అయ్యనడిగి సెప్తాను. ముందు మా అన్నకి మంచినీళ్ళియ్యండి,” అంది పైడి.

తండ్రి ఒప్పుకున్నాడు, పైడీ ఒప్పుకుంది. పెళ్ళినాడు చేతి మచ్చ కనబడకుండా దాసీలు రత్నకంకణాలు తొడగబోయారు. పైడి వాటిని ఎడమచేతికి వేయించుకుంది. మచ్చ ఉన్న చేత్తోనే రాజముద్రిక అందుకుంది.