రెండువందల పన్నెండో నంబరు చొక్కా

సాయంత్రం ఆరయింది. మా వదిన లాండ్రీ షాపులో పొద్దుటినుంచీ నిలబడి ఇస్త్రీ చేసి చేసి నా కాళ్లు నావి కాకుండా పోయాయి. ఫోన్లో నా స్నేహితురాలు బొద్దు ఒకటే పోరు.

"అందరం కలుద్దామంటే ఇప్పటికి ఐదుసార్లు ఎగ్గొట్టావే. ఈసారీ రాకపోతే నిన్నిక పిలిచేది లేదు. ఒట్టు!"

బొద్దు ఊరికే ఒట్టేసే రకం కాదు. చిన్నప్పటినుంచీ నాకున్నది బొద్దుతో కలిపి ముగ్గురు స్నేహితులే. వాళ్లూ పోతే నాకు మిగిలేది ఇస్త్రీపెట్టె, వదిన సణుగుడు.

"వస్తున్నానే తల్లీ," అన్నాను.

తీరా చూస్తే వేసుకోవడానికేముంది? ఊరందరి బట్టలూ మడతపెట్టే నాకు ఒంటిమీదున్న చెమట చొక్కా ఒకటే దిక్కు. వెనకగదిలో ఎవరూ తీసుకెళ్లని బట్టలు వేలాడుతుంటాయి. వాటిలో ఒక నీలం చొక్కా మీద ఎప్పటినుంచో నా కన్నుంది. రెండు గంటలు వేసుకుని తెచ్చి పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది?

మా షాపులో బట్టను చూడం, నంబరు చూస్తాం. కాలరుకి గుచ్చిన చీటీ, సొంతదారు చేతికిచ్చేదాకా తీయకూడదు. ఖాళీ హ్యాంగరు కనపడితే వదిన చంపేస్తుంది. అందుకని నీలం చొక్కాకున్న 212 చీటీ తీసి, విప్పిన నా చొక్కాకి గుచ్చి, అదే హ్యాంగరుకి తగిలించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నీలం చొక్కా తొడుక్కున్నాను. వెచ్చగా ఉంది... ఎవరో ఇప్పుడే విప్పినట్టు. సబ్బు వాసన లేదు. ఎన్నాళ్లో మూసిపెట్టిన గది వాసన. పై గుండీ తీశాను. అద్దంలో చూస్తే పెట్టే ఉంది. మళ్లీ తీశాను.

మళ్లీ పెట్టే ఉంది...

ముందుగదిలో తలుపు గంట మోగింది.

"212 ఆ? ఎన్నాళ్లకొచ్చారండీ!" వదిన గొంతు.

బట్టల వరస మధ్య నక్కాను. వదిన వచ్చి, చీటీ చూసి, హ్యాంగరుతో సహా నా చొక్కా పట్టుకుపోయింది.

"వేసుకునే వెళ్తాను," అంది వచ్చిన మనిషి, మెల్లగా.

అది నా గొంతు.

కాసేపటికి వదిన, "సరేలే, జాగ్రత్తగా వెళ్లిరా. తాళం నేనేసుకుంటా," అంది. రోజూ నాతో మాట్లాడినట్టే.

"వదినా..." అని పిలిచాను. పెదాలు కదిలాయి. మాట బయటికి రాలేదు. పారిపోదామంటే అడుగు పడలేదు.

ఎంతసేపయిందో... ఇస్త్రీబల్ల మీద నా ఫోను వెలిగింది. లోపలికొచ్చిన వదిన దాన్ని తీసి చూసింది.

"ఫోను మరిచిపోయిందీ మొద్దు."

తెరమీద అప్పుడే వచ్చిన ఫొటో. బొద్దు, మిగతా ఇద్దరు, మధ్యలో నేను. నా చెమట చొక్కాలో, పగలబడి నవ్వుతూ.

"పాపం, ఎన్నాళ్లకు నవ్విందో," అంది వదిన.

తర్వాత నావైపు తిరిగింది. నా కళ్లలోకి చూడలేదు. భుజాల దగ్గర ముడత సరిచేసి, "దీని చీటీ ఎక్కడ పడిపోయిందో," అని సణుగుతూ కాలరుకి కొత్తది గుచ్చింది. మెడమీద పిన్ను చురుక్కుమంది.

లైటు ఆర్పి వెళ్లిపోయింది.

పొద్దుటినుంచీ పీకుతున్న కాళ్లు నొప్పి మానేశాయి. నేలకి ఆనడం లేదు మరి. హాయిగా ఉంది. ఆ హాయికే ఏడుపొచ్చింది.

చీకట్లో, పక్క హ్యాంగరుకున్న తెల్ల చొక్కా మెల్లగా నిట్టూర్చింది.